మామిడిపండు, గ్రీన్ టీతో పొద్దున్నే ఒక స్మూతీ బౌల్

గ్రీన్ టీ స్మూతీ బౌల్ అని పేరు పెట్టుకున్న చాలా గిన్నెల్లో టీ తప్ప అన్నీ తెలుస్తాయి. పండు తీపి తెలుస్తుంది, తేనె తెలుస్తుంది, పెరుగు పులుపు తెలుస్తుంది. టీ మాత్రం ఎక్కడో కలిసిపోతుంది, లేదంటే చివర్లో నాలుక మీద చేదుగా మిగులుతుంది. రెండు వేసవులు దీన్ని అటూ ఇటూ మార్చి చేసి చూశాక నాకు కుదిరిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. టీని రాత్రే చిక్కగా కాచి ఐస్ ట్రేలో గడ్డకట్టించాలి. పొద్దున ఆ గడ్డల్ని పండు ముక్కలతో పాటు మిక్సీలో వేయాలి. అప్పుడు గిన్నె పలచబడదు, మొదటి చెంచాలోనే టీ పలుకుతుంది.

పండ్ల గుజ్జుని గిన్నెలో పోసుకుని చెంచాతో తినే ఈ అలవాటు బ్రెజిల్ నుంచి వచ్చింది. అక్కడ అసాయి అని తాటి జాతి చెట్టు ఒకటుంది. దాని ఊదారంగు పండ్ల గుజ్జుని గడ్డకట్టించి, మెత్తగా తిప్పి, పైన అరటిపండు ముక్కలు చల్లుకుని తింటారు. అదే హవాయికి, కాలిఫోర్నియాకి పాకి ఊరూరా స్మూతీ బౌల్ అయింది. అసాయి కోసం మనం వెతుక్కోనక్కర్లేదు. అది చేసే పనిని మన బంగినపల్లి ఇంకా బాగా చేస్తుంది.

ఇద్దరికి కావలసినవి:

గడ్డకట్టిన బంగినపల్లి ముక్కలు 300 గ్రాములు
గ్రీన్ టీ ఆకు 2 టీస్పూన్లు, నిండుగా
నీళ్లు 200 మి.లీ.
గట్టి పెరుగు అర కప్పు
ఉప్పు చిటికెడు
తేనె 1 టీస్పూన్, అదీ అవసరమైతేనే
పైన చల్లుకోవడానికి వేయించిన అటుకులు, నువ్వులు, నానిన సబ్జా గింజలు, దానిమ్మ గింజలు

అరటిపండు ఎందుకు వద్దంటున్నానంటే

స్మూతీ బౌల్ అనగానే అందరూ ముందు అరటిపండే వేస్తారు. చిక్కదనం వస్తుంది, చవక, ఏడాది పొడుగునా దొరుకుతుంది. నేనూ మొదట అలాగే చేశాను. మసిలే నీళ్లలో టీ బ్యాగ్ వేసి మర్చిపోయి, ఐదారు నిమిషాల తర్వాత తీసి, ఆ నీళ్లతో రెండు అరటిపండ్లు తిప్పాను. పది నిమిషాల్లో గిన్నె అంతా మట్టిరంగుకి తిరిగింది. మా అమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఇదేంటే, ఇందులో కషాయం కలిపావా?" అని అడిగింది.

చేదు ఎందుకొచ్చిందో వెంటనే అర్థమైంది. రంగు ఎందుకు మారిందో తర్వాత తెలిసింది. కోసిన అరటిపండు నల్లబడటానికి కారణం పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్. టీ ఆకులోనూ అదే ఉంటుంది. ఆకుని నలిపి గాలికి వదిలేస్తే ఆ ఎంజైమ్ పనిచేసి ఆకు నల్లబడుతుంది, అదే మనం రోజూ పాలు పోసి కాచుకునే టీ. గ్రీన్ టీ తయారుచేసేవాళ్లు ఆకు కోసిన కొద్ది గంటల్లోనే దాన్ని ఆవిరి పట్టించో, మూకుడులో వేయించో ఆ ఎంజైమ్‌ని చంపేస్తారు. అందుకే ఆకు పచ్చగా మిగులుతుంది. అంత శ్రమపడి ఆపిన పనిని మనం అరటిపండు వేసి మళ్లీ మొదలుపెడుతున్నామన్నమాట.

రంగుతో పోయే సంగతి కాదిది. గ్రీన్ టీలో మంచివి అని చెప్పుకునే కాటెకిన్లు ఫ్లావనాల్స్ అనే కుటుంబానికి చెందినవి. 2023లో డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు కొద్దిమంది మీద ఒక పరిశీలన చేశారు. అరటిపండు స్మూతీతో ఫ్లావనాల్స్ తీసుకున్నవాళ్ల రక్తంలో, వాటిని విడిగా క్యాప్సూల్‌లో తీసుకున్నప్పటితో పోలిస్తే, అవి 84 శాతం తక్కువగా కనిపించాయి. ఆ ఎంజైమ్ తక్కువగా ఉండే పండ్లలో వాళ్లు చెప్పిన పేర్లు మామిడి, అనాస, నారింజ, బెర్రీలు. అరటిపండు మానేయమని ఎవరూ అనలేదు, నేనూ అనను. దాన్ని విడిగా తినండి. టీ ఉన్న గిన్నెలోకి మాత్రం మామిడి తెచ్చుకోండి.

మామిడిలోనూ బంగినపల్లే ఎందుకంటే కండ గట్టిగా, పీచు లేకుండా ఉంటుంది, ముక్కలుగా కోస్తే నిలుస్తుంది. హిమాయత్ దొరికితే అదీ అద్భుతం. పెద్ద రసం, చిన్న రసం ఈ పనికి తేవద్దు. వాటి పీచు మిక్సీ బ్లేడుకి చుట్టుకుంటుంది, పైగా వాటిని పిసికి జుర్రుకోవడంలో ఉన్న ఆనందం చెంచాతో రాదు.

ముందు రోజు చేయాల్సినవి

పండుని చెక్కు తీసి అంగుళం ముక్కలుగా కోయండి. ఒక వెడల్పాటి స్టీలు పళ్లెంలో ముక్కకీ ముక్కకీ మధ్య కాస్త ఎడం ఉండేలా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. నాలుగైదు గంటలకు గట్టిపడతాయి. సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే రాత్రంతా ఉంచడం మేలు. గట్టిపడ్డాక డబ్బాలోకి మార్చుకోవచ్చు. ఈ పళ్లెం పని తప్పించుకోవాలని నేరుగా డబ్బాలో వేస్తే మొత్తం ఒకే బండలా తయారవుతుంది, పొద్దున్నే దాన్ని కత్తితో పొడవాల్సి వస్తుంది. చేతికి తగిలే ప్రమాదం కూడా ఉంది. మే నెలలో పండ్లు చవగ్గా ఉన్నప్పుడు ఇలా నాలుగైదు డబ్బాలు చేసిపెట్టుకుంటే ఆగస్టు దాకా ఢోకా ఉండదు.

ఇక టీ. ఈ పని తొందరపడకుండా చేయండి, గిన్నె రుచి అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

నిమ్మ, తేనె, తులసి లాంటి వాసనలు కలిపిన గ్రీన్ టీ వద్దు. ఆ సువాసనలు మామిడి వాసనతో పోట్లాడతాయి. మామూలు ఆకు కొనండి, బ్యాగుల కన్నా విడి ఆకు మంచిది. బ్యాగులో ఉండేది ఎక్కువగా పొడి, నీళ్లు తగలగానే చేదు దిగిపోతుంది. విడి ఆకు నెమ్మదిగా విచ్చుకుంటుంది. మనకు దొరికే వాటిలో హిమాచల్‌లోని కాంగ్రా ఆకు, అస్సాం, డార్జిలింగ్, నీలగిరి ఆకులు ఉన్నాయి. జపాన్ పద్ధతిలో ఆవిరి పట్టించిన ఆకుకి పచ్చి ఆకుకూర వాసన, కాస్త సముద్రపు వాసన ఉంటుంది. చైనా పద్ధతిలో మూకుడులో వేయించిన ఆకుకి వేయించిన పప్పుల వాసన వస్తుంది. మామిడికి ఈ రెండోదే జోడీ అని నా అభిప్రాయం.

నీళ్లు మసిలితే గ్రీన్ టీకి పనికిరావు. 80 డిగ్రీల దగ్గర ఆకులోని సువాసన, ఆ సన్నటి తీపి దిగుతాయి. మరీ వేడైతే వగరు, చేదు పరిగెత్తుకొస్తాయి. థర్మామీటర్ లేకపోతే టెన్షన్ పడకండి. 150 మి.లీ. మసిలే నీళ్లలో 50 మి.లీ. మామూలు నీళ్లు కలపండి, లెక్క సరిగ్గా ఆ 80 దగ్గరికే వస్తుంది. లేదా గిన్నె అడుగున కళ్లు పెట్టి చూడండి. చైనాలో టీ కాచేవాళ్లు నీళ్లలో లేచే బుడగల్ని రొయ్య కళ్లు, పీత కళ్లు, చేప కళ్లు అని పిలుస్తారు. ఆవగింజ కన్నా చిన్న బుడగలు అడుగున అంటుకుని, ఒకటీ అరా పైకి రావడం మొదలైతే అవి రొయ్య కళ్లు. కాస్త పెద్దవై, ఆవిరి తీగలా లేస్తుంటే పీత కళ్లు. ఆ రెండింటి మధ్య స్టవ్ కట్టేయండి. చేప కళ్ల దాకా వెళ్లిందా, మూత తీసి రెండు మూడు నిమిషాలు ఆగండి.

ఆకు వేసి మూతపెట్టి రెండున్నర నిమిషాలు లెక్కపెట్టుకోండి. వడకట్టండి. తాగే టీకన్నా ఇది చిక్కగా ఉండాలి, ఎందుకంటే పండు, పెరుగు కలిశాక రుచి పలచబడుతుంది, చల్లదనం కూడా రుచిని అణుస్తుంది. ఆ చిక్కదనం కోసం ఆకు ఎక్కువ వేయండి గానీ సమయం పెంచకండి. నిమిషం ఎక్కువ నానితే వచ్చేది చేదే. వడకట్టిన టీ లేత పసుపుపచ్చగా, పెసలు నానబెట్టిన నీళ్ల రంగులో ఉంటే బాగా కుదిరినట్టు. గోధుమరంగులో ఉంటే దాన్ని వేరే దేనికైనా వాడుకుని మళ్లీ కాచండి.

చల్లారాక ఐస్ ట్రేలో 8 అరలు నింపండి. కొద్దిగా టీ మిగులుతుంది. దాన్ని చిన్న గ్లాసులో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, పొద్దున మిక్సీ కదలనప్పుడు అదే ఆదుకుంటుంది. ఐస్ ట్రేకి కూడా ఏదైనా మూత వేయండి, లేకపోతే ఫ్రీజర్‌లోని చేపల వాసన, మసాలా వాసన టీకి పట్టేస్తాయి.

పెరుగు పలచగా ఉంటే పలచటి గుడ్డలో కట్టి ఒక గంట వేలాడదీయండి. గేదె పాల గడ్డ పెరుగైతే ఆ పనీ అక్కర్లేదు.

కరకరలాడే అటుకులు

బయట బౌల్స్ మీద వేసే గ్రానోలాలో పంచదార పాకం ఎక్కువ. ఇంట్లో అటుకులు అంతకన్నా బాగుంటాయి. మందపాటి అటుకులు అర కప్పు మూకుడులో వేసి, సన్నటి సెగ మీద ఐదారు నిమిషాలు కదుపుతూ ఉండండి. ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపితే టక్కున విరగాలి, వంగిందంటే ఇంకా కాలేదు. అప్పుడు అర టీస్పూన్ నెయ్యి, ఒక చెంచా నువ్వులు, కచ్చాపచ్చాగా దంచిన వేయించిన పల్లీలు ఒక గుప్పెడు వేసి, నువ్వులు చిటపటమనగానే దించేయండి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయాలి. వారం దాకా మెత్తబడవు.

పొద్దున మిక్సీ దగ్గర

లేవగానే ఒక టీస్పూన్ సబ్జా గింజల్ని పావు కప్పు నీళ్లలో నానేయండి. మీరు మొహం కడుక్కుని వచ్చేసరికి ఉబ్బి సిద్ధంగా ఉంటాయి. తినబోయే పింగాణి గిన్నెల్ని ఫ్రీజర్‌లో పెట్టండి. మామిడి ముక్కల్ని బయట పెట్టి ఐదు నిమిషాలు ఆగండి, అంచులు కాస్త మెత్తబడితే చాలు.

పచ్చడి జార్ చిన్నదైపోతుంది, మరీ పెద్ద జార్‌లో బ్లేడుకి ముక్కలు అందవు. మధ్యస్థం జార్ తీసుకోండి. ముందు 6 టీ గడ్డల్ని మాత్రమే వేసి, స్విచ్‌ని వెనక్కి తిప్పి వదులుతూ నాలుగైదు సార్లు కొట్టండి. బరక ఉప్పులా అవ్వాలి. అన్నీ కలిపి ఒకేసారి వేస్తే గడ్డలు మామిడి గుజ్జులో ఇరుక్కుని నలగవు, తినేటప్పుడు పంటి కింద రాళ్లలా తగులుతాయి.

ఇప్పుడు మామిడి ముక్కలు, పెరుగు, చిటికెడు ఉప్పు వేయండి. ఉప్పు ఎందుకంటే చల్లటి పదార్థంలో తీపి తక్కువగా తెలుస్తుంది, ఆ చిటికెడు దాన్ని పైకి లాగుతుంది. మళ్లీ అలాగే ఐదేసి సెకన్లు తిప్పి ఆపుతూ వెళ్లండి. చెవి మిక్సీ మీద ఉంచండి. మొదట గడగడమని బరువుగా మోగుతుంది. కాసేపటికి ఉన్నట్టుండి శబ్దం పలచబడి గీమంటుంది. అంటే బ్లేడు చుట్టూ గాలి గుంట పడింది, ముక్కలు పైన అలాగే నిలబడిపోయి బ్లేడు ఒట్టిగా తిరుగుతోందన్నమాట. ఇక్కడే చాలామంది గ్లాసుడు పాలో నీళ్లో పోసేస్తారు, దాంతో బౌల్ కాస్తా జ్యూస్ అయిపోతుంది. అలా చేయకండి. మిక్సీ ఆపి, మూత తీసి, గరిటె కాడతో అంచుల నుంచి మధ్యలోకి నొక్కండి. ఫ్రిజ్‌లో దాచిన టీ ఒక్క టేబుల్ స్పూన్ పోసి మళ్లీ తిప్పండి. ఇలా మూడు నాలుగు సార్లు చేయాల్సి రావచ్చు. ఒక దశలో మిశ్రమం తనంతట తనే మడతలు పడుతూ, మధ్యలోకి నెమ్మదిగా దిగుతూ కనిపిస్తుంది. అదే ఆపాల్సిన సమయం. ఇంకా తిప్పితే మోటారు వేడికి కరగడం మొదలవుతుంది.

మధ్యలో మిక్సీ ఆగిపోతే కాలిపోయిందని కంగారుపడకండి. బరువు ఎక్కువై తనంతట తాను ఆగి ఉంటుంది. ప్లగ్ తీసి, జార్‌లో సగం బయటికి తీసి, పది నిమిషాలు చల్లారనివ్వండి. చాలా మిక్సీలకు అడుగున ఎర్ర బటన్ ఒకటి ఉంటుంది, అది నొక్కితే మళ్లీ తిరుగుతుంది.

చిక్కదనం ఎంత ఉండాలంటే ఇడ్లీ పిండి కన్నా గట్టిగా, గారెల పిండి కన్నా ఒక మెట్టు జారుగా. చెంచా నిలబెడితే నిలబడాలి. పైన వేసిన దానిమ్మ గింజ మునగకూడదు. ఇప్పుడు రుచి చూడండి. మొదట మామిడి, మింగాక గొంతు వెనక టీ తాలూకు ఆ పచ్చటి, సన్నటి వగరు తెలియాలి. తీపి చాలకపోతేనే తేనె కలపండి. మే నెల బంగినపల్లికి నాకు ఏనాడూ తేనె అవసరం పడలేదు.

చల్లటి గిన్నెల్లోకి తీసి, చెంచా వీపుతో పైన సర్దండి. ఒక పక్కగా అటుకులు, పక్కనే వడకట్టిన సబ్జా, దానిమ్మ గింజలు. మొత్తం కప్పేసేలా చల్లకండి. అటుకులు రెండో విడత కోసం పక్కన ఒక చిన్న గిన్నెలో పెట్టుకుంటే చివరి దాకా కరకరలాడతాయి.

మామిడి లేని రోజుల్లో

చలికాలంలో లంబసింగి వైపు పండే స్ట్రాబెర్రీలు దొరికితే వదలకండి, టీతో వాటి పులుపు బాగా కలుస్తుంది, కాకపోతే తేనె కావాలి. గింజలేని నల్ల ద్రాక్ష గుత్తి నుంచి తుంచి, కడిగి, తుడిచి గడ్డకట్టిస్తే గిన్నె నేరేడు రంగులోకి వస్తుంది. ద్రాక్ష ఒక్కటే అయితే పలచగా ఉంటుంది కాబట్టి పెరుగు కాస్త పెంచండి.

అనాసపండు టీకి చాలా బాగుంటుంది, కానీ పెరుగుతో కాదు. పచ్చి అనాసలోని ఎంజైమ్ పెరుగులోని మాంసకృత్తుల్ని విరగ్గొడుతుంది, కాసేపట్లోనే చేదెక్కుతుంది. గడ్డకట్టించినా ఆ గుణం పోదు. అనాస వేస్తే పెరుగు మానేసి లేత కొబ్బరి వేయండి. కొబ్బరిబోండంలో చెంచాతో గీకితే వచ్చే ఆ మీగడ లాంటి కండ రెండు బోండాలది చాలు, చిక్కదనం దానంతట అదే వస్తుంది.

ఎవరు ఎలా తినాలి

గ్రీన్ టీ ఆకుకూరల్లోని, పప్పుల్లోని ఇనుముని ఒంటికి సరిగా పట్టనివ్వదు. రక్తహీనత ఉన్నవాళ్లు, ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రకీ ఈ గిన్నెకీ మధ్య కనీసం గంట, వీలైతే రెండు గంటలు ఎడం ఉంచండి. మన ఇళ్లల్లో ఆడవాళ్లకి ఈ సమస్య ఎంత మామూలో మీకు తెలుసు, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దంటున్నాను. గర్భిణులు డాక్టర్‌ని అడిగి తినండి. టీలో కెఫీన్ ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలకి టీ గడ్డల బదులు మామూలు ఐస్ వేసి చేసి పెట్టండి. షుగర్ ఉన్నవాళ్లు మామిడి సగానికి తగ్గించి, పెరుగు, పల్లీలు పెంచుకోవచ్చు, అయినా తిన్నాక ఒకసారి షుగర్ చూసుకోవడం మంచిది. దీంతో బరువు తగ్గుతారని నేను చెప్పను. కడుపు నిండుతుంది, పదకొండింటి దాకా ఆకలి వేయదు, అంతవరకు నాకు తెలుసు.

పొద్దున్నే చల్లటిది తింటే గొంతు పడుతుందని మా అమ్మ భయం. ఆవిడ గిన్నెని ఏడెనిమిది నిమిషాలు బల్ల మీద ఉంచి, అంచులు కరిగి జున్నులా అయ్యాక తింటుంది. అలా తిన్నప్పుడు టీ రుచి ఇంకా బాగా తెలుస్తుందని ఆవిడే కనిపెట్టింది. నిజమే, నేనూ చూశాను. ట్రేలో మిగిలిన ఆ రెండు టీ గడ్డలూ ఆవిడవే. మధ్యాహ్నం మూడింటికి నిమ్మకాయ నీళ్లలో వేసుకుని, అవి కరిగేదాకా గ్లాసు చేత్తో తిప్పుతూ వరండాలో కూర్చుంటుంది.